నీలంలో పోయిన పసుపు

బెంగళూరు,
ఫిబ్రవరి 12, బుధవారం.

ప్రియమైన నాయనకు, నీ సవిత దండాలు.

ఫోన్ ఉండగా ఈ పిల్లకు ఉత్తరం రాసే బుద్ధి ఎందుకు పుట్టిందని అనుకుంటావు. నిన్న ఫోన్ చేస్తే హనుమేశ్ స్పీకర్ పెట్టాడు. తమ్ముడి గొంతు వెనక అమ్మ గొంతు, పక్కింటి రంగక్క గొంతు, ఇంకా ఎవరెవరివో. నీతో ఒక్క మాట సరిగ్గా అనలేకపోయాను. మన ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది మనిద్దరికే. నువ్వు చిన్నప్పుడు మడకశిరలో మేనత్త ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకున్నావు, నాకు గొర్రెల దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసి నేర్పావు. అమ్మా, హనుమేశూ కన్నడ బడివాళ్ళు. ఈ కాగితం వాకిట్లో పడి ఉన్నా మన మాట మన మధ్యే ఉంటుంది.

హనుమేశ్ చెప్పింది నేను సరిగ్గా విన్నానో లేదో ముందు అదే అడుగుతున్నాను. పోయిన గురువారం సోలార్ కంపెనీవాళ్ళు బడి ఆవరణలో తెర కట్టి, మా స్టూడియోలో తయారైన వాళ్ళ ప్రచారం సినిమా వేశారట. గడ్డి ప్యానెళ్ళ మీదికి ఎదగకుండా కొల్లప్ప మామ మందను లోపలికి రానిస్తున్నారు కదా, ఆ గొర్రెలు మేసే షాట్ వచ్చిందట. అందులో ముందు వరసలో నాలుగింటి తుంటి మీద నీలం ముద్ర కనిపించిందట. నీలం మన ముద్ర. మామది ఆకుపచ్చ. దీపావళికి మన మందలో తప్పిపోయినవి కూడా నాలుగే. లెక్క సరిపోయిందని ఊరిపెద్ద, యజమాని లింగప్ప అందరి ముందరా అన్నాడట, నువ్వు లేచి అవి నావే అన్నావట. మరునాడే కంపెనీ మామ గేట్ పాస్ లాక్కుందట. ఇరవై నాలుగో తేదీ సోమవారం గుడి ముందర నువ్వూ మామా వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలని తీర్మానమైందట. ఇదంతా వాడు క్రికెట్ స్కోరు చెప్పినట్లు చెప్పాడు. వాణ్ణి ఒక తన్ను తన్నాలనిపించింది.

నాయనా, కొల్లప్ప మామ మన గొర్రెలను ఎత్తుకుపోయాడంటే నువ్వెలా నమ్మావు? పన్నెండేళ్ళు మీరిద్దరూ ఒకే మంద మేపారు. చెవి గాటు ఒకటే, ముద్ర ఒకటే, సద్ది మూట కూడా ఒకటే. మందలు పంచుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ముద్ర వేరు కావాలి కదా అని మామ మన నీలం డబ్బాలోంచి సగం తన డబ్బాలోకి వంచుకుని, అందులో పసుపు రంగు పొడి వేశాడు. కలిపింది నేను. ఎనిమిదేళ్ళదాన్ని, పుల్ల పట్టుకుని గొంతుక్కూర్చున్నాను. "తిప్పు పాపా, ఇంగా కొంచెం తిప్పు" అంటూ ఆయన చల్లుతుంటే నేను తిప్పాను. నీలం కాస్తా ఆకుపచ్చ అయ్యేసరికి నేనేదో మంత్రం వేసినట్లు మీరిద్దరూ నా ముఖం చూసి నవ్వారు. నేను చేసిన మొదటి రంగుల పని అదే.

సినిమా తెర మీది రంగుల్ని అంతగా నమ్మకూడదు నాయనా. ప్రొజెక్టర్ పాతదైతే ఒక రంగు ఇంకో రంగులా కనబడుతుంది. నా ఫోన్లో ఒకలా ఉన్నది మా సూపర్‌వైజర్ ఉషా మేడమ్ ఫోన్లో ఇంకోలా ఉంటుంది. ఈ మాట లింగప్పకు చెప్పు. ప్రమాణం దాకా పోనివ్వకు. నాకెందుకో భయంగా ఉంది. నాలుగు మెతుకులు కూడా సరిగ్గా దిగడం లేదు.

నీ పాప,
సవిత.


క్యాతగానచెర్లు,
ఫిబ్రవరి 15, శనివారం.

చిరంజీవి సవితకు నాయన ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. నేను తెలుగులో రాసి మూడు సంవత్సరాలు అయినది, అక్షరాలు వంకర ఉంటే నవ్వవద్దు. మా అయ్యవారు నేర్పినట్లే రాస్తున్నాను.

ప్రొజెక్టర్ పాతది కాదు. కొత్తది తెచ్చినారు, దాని అట్టపెట్టె ఇంకా బడి వరండాలోనే పడి ఉన్నది. అదే సినిమాలో ముందు వచ్చిన షాటులో కొల్లప్ప గొర్రెల ముద్ర ఆకుపచ్చగానే కనిపించింది. తరువాతి షాటులో నాలుగు నీలం. ప్రొజెక్టర్ తప్పు అయితే అంతా తప్పు కావలెను గదా అని లింగప్ప అడిగినాడు. ఇప్పుడు పోయి కొల్లప్ప మందలో చూస్తే అన్నీ ఆకుపచ్చే. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ అవుతుందని ఊరిలో పిల్లలకు కూడా తెలుసు, ఆయన ముద్ర పుట్టిందే అట్ల. అందుకే ఆయన మాట ఎవరూ వినలేదు.

సినిమా అయినాక పేర్లు వచ్చినాయి. ఇంగ్లీషులో ఉంటే హనుమేశ్ నీ పేరు గట్టిగా చదివినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. మీ అమ్మ ఏడ్చింది. నీ పేరు వచ్చి పది నిమిషాలు కాలేదు, ఆ సినిమా తప్పు అని కొల్లప్ప అందరి ముందర అన్నాడు.

మరునాడు శుక్రవారం ఆయన మన వాకిట్లోకి వచ్చినాడు. నేను మాట్లాడలేదు. ఆ సంగతి వదిలెయ్. ప్రొజెక్టర్ అని, ఫోన్ అని నువ్వు ఇంక రాయవద్దు. నీ పని మీద నాకు నమ్మకం ఉన్నది. సోమవారం సంగతి నేను చూసుకుంటాను. వేళకు తిను.

ఇట్లు నీ నాయన,
సోమప్ప.


బెంగళూరు,
ఫిబ్రవరి 21, శుక్రవారం.

నాయనకు,

"నీ పని మీద నాకు నమ్మకం ఉన్నది" అని రాశావు. ఆ వాక్యం మంగళవారం చదివాను. అప్పటినుంచి కాగితం బ్యాగులోనే ఉంది, మళ్ళీ విప్పే ధైర్యం చాలలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. రేపు పావగడ బస్సు నడిపే మారన్న చేతిలో పెట్టి, ఆదివారం నీకే ఇమ్మని బతిమాలుకుంటాను.

ప్రొజెక్టర్ తప్పు కాదు. తప్పు నాది. పోయిన ఉత్తరం రాసేటప్పుడే నాకు తెలుసు. తెలిసే ప్రొజెక్టర్ మీదికి తోశాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. కెమెరా తీసిన బొమ్మ మొదట బూడిద చల్లినట్లు వెలిసిపోయి ఉంటుంది. ఏ వెలిసిన రంగును ఏ రంగుగా చూపాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని మేము లట్ అంటాము. ఎక్కాల పుస్తకం అనుకో, ఇటువైపు అంకె చూసి అటువైపు జవాబు తీసుకోవడమే. నేను కంప్యూటర్లో పనిచేసేటప్పుడు ఆ పట్టిక నా కంటికి మాత్రమే, కళ్ళజోడులాగా. పని అయ్యాక కళ్ళజోడు తీసేసి వెలిసిన బొమ్మనే ఎడిటింగ్‌కు పంపాలి. అక్కడ వాళ్ళు పట్టికను ఒకే ఒక్కసారి వేస్తారు. ఈ సినిమాకు వాడిన పట్టిక కంపెనీవాళ్ళు కోరి చేయించుకున్నది. మన మట్టి నారింజ రంగులో మెరవాలట, ఆకాశమూ ప్యానెళ్ళూ నీలంగా నిగనిగలాడాలట. దానికోసం ఆ పట్టిక ఆకుపచ్చలో ఉండే పసుపును కొంచెం లాగేసి నీలం వైపు నెడుతుంది. ఒక్కసారి వేస్తే ఆకుపచ్చ ఆకుపచ్చగానే నిలుస్తుంది. రెండుసార్లు వేస్తే పసుపు మొత్తం పోతుంది. మామ డబ్బాలో నేను పుల్లతో తిప్పి తిప్పి కలిపిన పసుపు, అది మొత్తం పోయి అడుగున ఉన్న మన నీలం పైకి తేలింది.

ఆ షాటులో నాకు రెండే పనులు. కంచెకు పట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు చెరిపేయడం, ఖాళీ ఆకాశంలో మబ్బులు పెట్టడం. కంపెనీ మేనేజర్ ముందు తన ఫోన్లో చూస్తానంటే, ఆ కాపీకి పట్టికను బొమ్మలోనే కలిపేసి పంపాను. ఫోన్లో చూసేవాళ్ళకు అలాగే పంపాలి. ఎడిటింగ్‌కు పంపే అసలు కాపీకి మాత్రం పట్టిక కలపమనే ఆ టిక్కు తీసేయాలి. నేను తీయలేదు. ఎడిటింగ్‌వాళ్ళు పద్ధతి ప్రకారం ఇంకోసారి పట్టిక వేశారు. మిగతా షాట్లన్నీ సరిగ్గా ఉండి ఇదొక్కటే మారడానికి కారణం అదే. లింగప్ప అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది చూడు.

మరిచిపోవడం వరకైతే నేనింత ఏడ్చేదాన్ని కాదు, మనుషులన్నాక మరిచిపోతారు. మరునాడు మధ్యాహ్నం ఉషా మేడమ్ అందరినీ కూర్చోబెట్టి సినిమా మొత్తం వేశారు. ఆ షాట్ వచ్చింది. ముందరి షాటులో మట్టి ఒకలా, ఇందులో ఇంకోలా. ఒక్క చూపుకే నాకు తెలిసిపోయింది. మేడమ్ ఆపి, "ఇది కొంచెం నీలం తిరిగినట్లు లేదా సవితా?" అని అడిగారు. నేను "మబ్బుల నీడ మేడమ్" అన్నాను. ఆ మబ్బులు పెట్టింది నేనే కదా నాయనా. లేని మబ్బులకు నీడ కూడా నేనే కల్పించాను. నన్ను ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు, అప్పటికే రెండు తప్పులు చేసి మాట పడ్డాను, మూడోది బయటపడితే ఇంటికి పంపేస్తారని భయం. మేడమ్ తల ఊపారు. సినిమా వెళ్ళిపోయింది.

గొర్రెల ముద్ర నీలంగా కనబడడం కూడా చూశాను. అరె, మన మందలా ఉందే అని లోపల నవ్వుకున్నాను కూడా. నగరంలో కూర్చున్నవాళ్ళెవరూ గొర్రె తుంటిని చూడరులే అనుకున్నాను. మన ఊళ్ళో తెర కడితే జనం ప్యానెళ్ళను చూడరు, గొర్రెలనే చూస్తారు, ఎవరి ముద్రో చదువుతారు. ఆ మాత్రం సోమప్ప కూతురికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

నిన్న హనుమేశ్ ఫోన్లో చెప్పాడు. మామ మంద రెండు వారాలుగా దొడ్డిలోనే ఉందట. బయట మేపడానికి భూమి ఎక్కడుంది, అంతా ప్యానెళ్ళ కిందే పోయింది. ఓబక్క అత్త తుమ్మ కొమ్మలు విరిచి నెత్తిన మోసుకొచ్చి వేస్తోందట. మామ ఎవరితోనూ మాట్లాడడం లేదట, ప్రమాణం అయ్యాక మందను అమ్మేసి ఊరు విడిచిపోతాడని అనుకుంటున్నారట. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని నిడుగల్లు కొండ ఎక్కించిన మనిషి.

మొదట, అసలు బొమ్మ తీసి పట్టికను ఒక్కసారే వేసి చూశాను. నాలుగు ముద్రలూ ఆకుపచ్చ. అది పెద్ద ఫోటో తీయించుకుని బస్సెక్కుదామనుకున్నాను. బ్యాగు కూడా సర్దాను. అప్పుడు లింగప్ప మాట నాకు ఇక్కడినుంచే వినబడింది, "కంప్యూటర్లో నీలాన్ని పచ్చ చేసుకోనొచ్చినావా పాపా?" అంటాడు. నిజమే, ఆకాశంలో మబ్బులు మొలిపించినదాన్ని నాలుగు ముద్రలు మార్చలేనా? నేనే రంగు చూపించినా ఇక చెల్లదు. బ్యాగు మళ్ళీ విప్పేశాను.

ఈ ఉదయం ఉషా మేడమ్ దగ్గరికి వెళ్ళి మబ్బుల నీడ సంగతి చెప్పేశాను. ఆవిడ ఆ షాట్ తెప్పించి చూశారు. తర్వాత షాట్ సరిచేయమన్నారు, తప్పు ఎలా జరిగిందో కాగితం మీద రాసి నా సంతకంతో కంపెనీకి పంపమన్నారు. సినిమా చివర నా పేరు తీసేస్తున్నారు. నన్ను ఉంచుకునేదీ లేనిదీ మార్చి నెలాఖరుకు చెబుతానన్నారు. "తప్పు చేసినందుకు కాదు సవితా, నేను అడిగినప్పుడు చెప్పనందుకు" అన్నారు.

ఆ కాగితం కంపెనీ గేటు తెరిపిస్తుందేమో గానీ మామను ఊళ్ళో మళ్ళీ తల ఎత్తుకునేలా చేయలేదు. అది నీ చేతిలో ఉంది. నువ్వు నా సినిమాను నమ్మి మోసపోయావు నాయనా. అదే నమ్మకంతో సోమవారం కర్పూరం మీద చెయ్యి వేస్తావు. వేయకు. అది నా అబద్ధం, దాని మీద నీ అరచెయ్యి కాలనివ్వకు. నా బిడ్డ తప్పు చేసిందని అందరి ముందరా చెప్పు. నాకేం చిన్నతనం లేదు. నీ చేత అబద్ధపు ప్రమాణం చేయించానన్న బాధ కంటే అది వెయ్యి రెట్లు నయం.

నీ పాప,
సవిత.


క్యాతగానచెర్లు,
మార్చి 8, శనివారం.

సవితమ్మకు నాయన రాసేది.

నీ ఉత్తరం ఆదివారం సాయంకాలం మారన్న తెచ్చి ఇచ్చినాడు. మూడు సార్లు చదివినాను. ఏమి రాసింది అని మీ అమ్మ అడిగితే, బాగున్నానని రాసింది అని చెప్పినాను. సోమవారం జరిగినది హనుమేశ్ నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు. వానికి తెలియనిది నేను రాయవలెను. రెండు వారాలు జవాబు రాయలేదని కోపం పెట్టుకోవద్దు. నీ ఉత్తరం కంటే ఇది కష్టమైనది.

నేను మోసపోయినాను అని నువ్వు రాసినావు. లేదు బిడ్డా. ఆ నాలుగు గొర్రెలు నావి కావని నాకు మొదటి రోజే తెలుసు. తెర మీద కనిపించినప్పుడే తెలుసు. ముద్ర చూసి గుర్తుపట్టేది సంతలో కొనేవాళ్ళు. మేపేవానికి ముఖం చాలు. అన్నింటికన్నా ముందర ఉన్న దానికి ఎడమ చెవి వాలి ఉంటుంది. అది కొల్లప్ప దొడ్డిలో ఈనిన గొర్రెకు అడ్డం తిరిగిన పిల్ల, పుట్టేటప్పుడు నేనే కాళ్ళు పట్టి బయటికి లాగినాను. దాని తుంటి మీద నీలం ఉన్నా, ఎరుపు ఉన్నా, అది నాది ఎట్లవుతుంది? రంగు తప్పు అని నాకు ఆ నిమిషమే అర్థమయినది. ఎట్ల తప్పినదో మాత్రం నీ ఉత్తరం చదివినాకనే తెలిసింది.

తెలిసి ఎందుకు నావే అన్నానో చెబుతాను. నీ పేరు హనుమేశ్ చదివినాడు, చప్పట్లు కొట్టినారు అని రాసినాను గదా. నువ్వు బెంగళూరులో ఏమి పని చేస్తావో నాకు తెలీదని, కంప్యూటర్లో రంగులు పూస్తాదంట అని నవ్వినవాళ్ళే ఆ రోజు చప్పట్లు కొట్టినారు. మీ అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉన్నది. అంతలో లింగప్ప ఆ గొర్రెల షాట్ మళ్ళీ వేయించినాడు. కొల్లప్ప లేచి సినిమా తప్పు అన్నాడు. లింగప్ప నా వైపు తిరిగి, "నీ కూతురు సినిమా తప్పా సోమప్పా, లేకుంటే గొర్రెలు నీయేనా? రెండిట్లో ఒకటి చెప్పప్పా" అని అడిగినాడు. ఊరంతా నా ముఖమే చూస్తా ఉన్నది. గొర్రెలు నావి కావు అంటే నా బిడ్డ పని అబద్ధం అన్నట్లు. నాయే అన్నాను. నోరు తిరిగినంత సేపు కూడా ఆలోచించలేదు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి దారి కనిపించలేదు. ఒక మాటను నిలబెట్టడానికి రోజుకొక మాట పేర్చుకుంటూ పోయినాను.

ఆ శుక్రవారం కొల్లప్ప వచ్చినప్పుడు నేను మంచం మీద ఉన్నాను. వాకిట్లో నిలబడి "సోమన్నా" అని మూడు సార్లు పిలిచినాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆయన పోయిన చప్పుడు వినబడినాకనే ఇటు తిరిగినాను.

నీ ఉత్తరం రాకపోయి ఉంటే నేను సోమవారం కర్పూరం ఆర్పి ఉండేవాణ్ణి. నీకు అబద్ధం రాయను. దేవునికి కూడా నీ పేరే సాకుగా చెప్పుకుని ఉండేవాణ్ణి. ఎవరి పేరు కాపాడాలని నేను నోరు మూసుకున్నానో, ఆ బిడ్డే తన పేరు తీసేయించుకుని నాకు ఉత్తరం రాసింది. ఇంక నాకు దాక్కునే చోటు లేకుండా పోయినది.

గుడి ముందర పళ్ళెంలో కర్పూరం వెలిగించినారు. లింగప్ప నన్ను ముందు రమ్మన్నాడు. కొల్లప్ప మందను ఇక్కడికి తోలుకొని రండి, అప్పుడు ప్రమాణం చేస్తాను అన్నాను. ఉత్త నోటితో చెబితే కూతురు ఫోన్ చేసి చెప్పించింది అంటారు. మందను తెచ్చినారు. రెండు వారాలు దాటిన ఆకలి మీద ఉన్న గొర్రెలు, ఓబక్క వేసిన తుమ్మ కొమ్మలు పీకుతూ ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. నా పిలుపు మన మంద రెండు చేల అవతల ఉన్నా వింటుంది, అది ఊరందరికీ తెలుసు. నేను ఎప్పుడూ పిలిచినట్లే గొంతెత్తి పిలిచినాను. ఒక్కటి కూడా తల తిప్పలేదు. మళ్ళీ పిలిచినాను. మూడవ సారి కూడా పిలిచినాను. వాలిన చెవిది నా పక్కనే ఉండి కొమ్మ పీకుతూనే ఉన్నది. కొల్లప్పను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఊరికే గొంతు సవరించుకున్నాడు, మంద మొత్తం ఆయన వైపు కదిలింది.

అప్పుడు చెప్పినాను. "ఇవి నాయి కావు. మొదటి దినమే నాకు తెలుసు. సినిమాలో రంగు తప్పిండాది, ఆ తప్పు నా బిడ్డ కాగితం మీద రాసి ఒప్పుకొనిండాది. నేను మాత్రం ఒప్పుకోకుండా ఇన్ని దినాలు కూచున్నా" అన్నాను. లింగప్ప తల వంచుకుని తువ్వాలు మడుచుకుంటూ ఉన్నాడు. కర్పూరం ఎవరూ ఆర్పకుండానే దానంతట అది అయిపోయినది.

నేను కొల్లప్ప ముందరికి పోయి చేతులు పట్టుకోబోయినాను. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. గట్టిగా కూడా అనలేదు, నాకు మాత్రమే వినబడేటట్లు అన్నాడు.

"నువ్వు పిలిస్తే గొర్రెలు తల తిప్పలేదని అందురూ చూసినారు సోమన్నా. నేను పిలిస్తే నువ్వు తల తిప్పలేదు. అది ఎవురూ చూడలేదు."

మందను తోలుకొని పోయినాడు. ఓబక్క మిగిలిన కొమ్మలు ఎత్తుకుని వెనకే పోయింది.

నీ కాగితం కంపెనీకి చేరింది. ఇరవై ఏడో తేదీ గేట్ పాస్ తిరిగి ఇచ్చినారు. మంద అమ్మలేదు. గొర్రెలు కొంచెం తేరుకున్నాయి. మన నాలుగు గొర్రెలు ఏమయినాయో నాకు ఇప్పటికీ తెలీదు, కొండ కింద తోడేళ్ళు తిరుగుతున్నాయని కొందరు అంటున్నారు. కంపెనీవాళ్ళు సరిచేసిన సినిమా మళ్ళీ వేసినారు. ఈసారి జనం ఎక్కువ రాలేదు. నేను పోయినాను. ముద్ర ఆకుపచ్చగా ఉన్నది, నువ్వు చిన్నప్పుడు కలిపిన ఆకుపచ్చే. చివర నీ పేరు రాలేదు. నేను ఇంగ్లీషు చదవలేను గానీ ఎన్నో వరుసలో వచ్చేదో గుర్తు పెట్టుకొని ఉన్నాను, ఆ వరుసలో వేరే పేరు వచ్చింది. మీ అమ్మకు నేనే అంతా చెప్పినాను. రెండు రోజులు నాకు అన్నం పెట్టి మాట్లాడకుండా పోయింది, ఇప్పుడు మాట్లాడుతున్నది.

నిన్ను తిట్టవలెను అనిపించలేదు. నువ్వు చూసి చెప్పలేదు, నేనూ చూసి చెప్పలేదు. నీది నువ్వే ముందు ఒప్పుకున్నావు, నేను నీ వెనక వచ్చినాను. మీ మేడమ్ నెలాఖరుకు ఏమన్నదీ రాయి. వద్దన్నా ఇంటికి రావడానికి జంకవద్దు. వచ్చినప్పుడు కొల్లప్ప ఇంటికి నువ్వే పో, నిన్ను రానిస్తాడు.

రోజూ తెల్లవారి ఆయన మందను తోలుకుని మన వాకిలి ముందరే గేటుకు పోతాడు, వేరే దారి లేదు. నేను అరుగు మీద నిలబడి "కొల్లప్పా" అని మూడు సార్లు పిలుస్తాను. ఈ రోజుకు తొమ్మిది రోజులు అయినది. తల తిప్పలేదు.

రేపు కూడా పిలుస్తాను.

ఇట్లు నీ నాయన,
సోమప్ప.